తిరుగుతూనే ఉండే డిస్కు వెనుక కథ

పర్లాకిమిడి బజారులో ఓ ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఫోటోలు దాచే, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్ అక్కడ రాత్రంతా ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మోస్తుంది. తెల్లవారేదాకా ఎవరూ ముట్టని హార్డ్ డిస్కు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపే ఏర్పాటు లినక్స్‌లో పదేళ్లకు పైగా ఉంది. ఉండీ పనిచేయకపోవడానికి పాత కారణాలున్నాయి.

1992 నాటి ఏపీఎం (అడ్వాన్స్‌డ్ పవర్ మేనేజ్‌మెంట్) పద్ధతిలో విద్యుత్ పొదుపు పగ్గాలు చాలావరకు బయోస్ చేతిలో, అంటే మదర్‌బోర్డులో ఉండే మూల ప్రోగ్రాం చేతిలో ఉండేవి. ఏ ప్రోగ్రాం ఏం చేస్తోందో బయోస్‌కు ఏం తెలుస్తుంది? 1996లో ఏసీపీఐ అనే కొత్త ప్రమాణం వచ్చి ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించింది. అయినా లినక్స్‌లో చాలాకాలం నిద్ర అంటే మొత్తం యంత్రానికే. యంత్రం మేలుకొని ఉండగానే ఖాళీగా ఉన్న పరికరాన్ని విడిగా నిద్రపుచ్చే ఉమ్మడి చట్రం 2009 డిసెంబరులో, లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ 2.6.32 వెర్షన్‌తో వచ్చింది. దాన్ని రూపొందించింది కెర్నెల్ డెవలపర్ రఫాయెల్ వైసోకీ. పరికరాన్ని ఎందరు వాడుతున్నారో లెక్క ఉంటుంది. అది సున్నాకు చేరితే, కాస్త గడువు చూసి డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాం, దాన్ని పడుకోబెడుతుంది.

డిస్కు దగ్గర ఇది ఇంత తేలిక కాదు. మోటారు ఆపేముందు క్యాష్‌ అనే తాత్కాలిక నిల్వలోని డేటా డిస్కు పళ్లెం మీదికి చేరాలి. మళ్లీ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతవరకూ వచ్చే అభ్యర్థనలన్నీ క్యూలో ఆగాలి. తమాషా ఏమిటంటే, డిస్కును లేపే ఆదేశం కూడా ఆ ఆపిన క్యూలోంచే వెళ్లాలి! అలాంటి ఆదేశాలకు ప్రత్యేక గుర్తు వేసి ముందుకు వదిలే పద్ధతి 2013లో, 3.10 కెర్నెల్‌లో డిస్కు అభ్యర్థనలను నడిపించే భాగమైన బ్లాక్ లేయర్‌లో కుదిరింది. తర్వాత వచ్చిన, ఒకే క్యూ బదులు పలు క్యూలు వాడే పద్ధతికి ఈ సదుపాయం 2018లో గానీ అందలేదు.

ఇంత చేసీ గడువును -1గా ఉంచారు, అంటే నిద్ర లేదు. డిస్కు నియంత్రణ కూడా మామూలుగా 'ఆన్' మీదే ఉంటుంది. దాన్ని 'ఆటో'కు మార్చి గడువు పెట్టడం వాడేవాళ్ల పని. ఆపిన ప్రతిసారీ మోటారు, హెడ్ కొంత అరుగుతాయి కాబట్టి ఈ జాగ్రత్తను నేను తప్పుపట్టను. కాకపోతే ఆ మీట ఉందని స్టూడియో వాళ్లకు చెప్పేదెవరు? పదిహేను నిమిషాలు, అంటే 900000 మిల్లీసెకన్ల గడువు పెడితే, ఇలా రాత్రి ఒక్కసారి ఆగే డిస్కుకు అరుగుదల లెక్కలోకి రాదు.