ముప్పయ్యా, అరవయ్యా? గర్భిణుల మాత్ర వెనుక కథ

గర్భిణులకు ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర మానేసి, 15 విటమిన్లు, ఖనిజాలు కలిపిన ఎంఎంఎస్ (మల్టిపుల్ మైక్రోన్యూట్రియెంట్ సప్లిమెంట్) మాత్ర ఇవ్వాలన్న వాదన మళ్లీ లేచింది. మన దేశంలో ఐరన్ మాత్రల పథకం 1970లో ఎలా మొదలైందో చాలాసార్లు రాసిందే. ఇప్పటి గొడవకు మూలం మాత్రం 1999లో న్యూయార్క్‌లో జరిగిన సమావేశంలో ఉంది.

యునిసెఫ్, డబ్ల్యూహెచ్‌ఓ, ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం కలిసి అక్కడే ఈ మాత్ర కూర్పు ఖరారు చేశాయి. ఐరన్ 30 మిల్లీగ్రాములే పెట్టారు. విటమిన్ సి లాంటివి తోడుంటే తక్కువ ఐరనైనా ఒంటికి బాగా పడుతుందని, వికారం తగ్గుతుందని వాదన. అప్పటికి మన ఆరోగ్య కార్యకర్తలు పంచుతున్నది 100 మిల్లీగ్రాముల మాత్ర. 2018లో అనీమియా ముక్త్ భారత్ అనే రక్తహీనత నివారణ కార్యక్రమంతో అది 60కి దిగింది. 1970లో మొదలైందీ 60తోనే.

ఈ మాత్రను ఐరన్-ఫోలిక్ మాత్రతో పోల్చిన తర్వాతి పరీక్షల ఫలితాలనే ఎంఎంఎస్ పక్షం ఎక్కువగా చెబుతుంది. ఇండోనేషియాలోని లాంబోక్‌లో తొలి నెలల శిశు మరణాలు 18 శాతం తగ్గాయి (2008). బంగ్లాదేశ్‌లో నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువు పిల్లలు తగ్గారు (2014). ఆరు నెలల లోపు మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవి చిన్న లాభాలేం కావు. కానీ రెండు చోట్లా పోల్చిన ఐరన్-ఫోలిక్ మాత్రలోనూ ఐరన్ అంతే: లాంబోక్‌లో 30, బంగ్లాదేశ్‌లో 27. అంటే 60 తీసేసి 30 పెడితే రక్తహీనత ఏమవుతుందన్నది ఆ పరీక్షలు అడగనే లేదు. మనకు కావాల్సిన జవాబు అదే.

గర్భిణుల్లో రక్తహీనత 40 శాతం దాటితే 60 మిల్లీగ్రాములే మేలని డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అది 52.2 శాతం; ఆంధ్రప్రదేశ్‌లో 53.7, తెలంగాణలో 53.2. ఎంఎంఎస్‌ను డబ్ల్యూహెచ్‌ఓయే 2016లో వద్దంది, 2020లో పరిశోధనల వరకే సరేనంది, 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ప్రచారంలో ఈ చివరి ముక్కే వినిపిస్తుంది.

అసలు చిక్కు మింగడం దగ్గర. గర్భంతో ఉండగా 180 రోజులు మాత్రలు వేసుకున్నవాళ్లు 26 శాతమేనని ఆ సర్వేలోనే ఉంది. వికారం, నల్లటి విరేచనం, బిడ్డ నల్లగా పుడుతుందన్న భయం, పైగా స్టాకు లేకపోవడం. ఐరన్ తగ్గితే ఇబ్బందులూ తగ్గి, ఎక్కువమంది వేసుకుంటారని ఎంఎంఎస్ పక్షం అంటుంది. కొంత నిజమే కావచ్చు. స్టాకు రాని ఊళ్లో అది ఏ మాత్రైనా ఒకటే.

ఇంకోటి: హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉన్న గర్భిణికి రోజుకు రెండు ఎర్ర మాత్రలు ఇవ్వాలన్నది ఇప్పటి నిబంధన. కొత్త మాత్ర వచ్చినా ఉపకేంద్రంలో పాత పెట్టె ఉండాల్సిందే.