ఫొటోషూట్‌కి నీళ్లు మానేయకండి: మగవాళ్ల బాడీ ఫొటోలు, కొన్ని అపోహలు

మోడలింగ్ పోర్ట్‌ఫోలియో ఫొటోలు తీయమని నాకు ఫోన్ చేసే కుర్రాళ్లలో చాలామంది రేటు కంటే ముందు అడిగేది ఒకటే: "అన్నా, నీళ్లు ఎప్పటి నుంచి ఆపాలి?" ఎంతమందికి చెప్పినా మళ్లీ అదే ప్రశ్న వస్తోంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: రెండ్రోజులు నీళ్లు, ఉప్పు మానేస్తే కండలు చెక్కినట్టు కనిపిస్తాయి.

వాస్తవం: కండలో దాదాపు 75 శాతం నీళ్లే. అందులో నిల్వ ఉండే గ్లైకోజెన్ (ఒళ్లు శక్తి కోసం దాచుకునే పిండిపదార్థం) గ్రాముకి సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నీళ్లు ఆపితే చర్మం కింద నుంచే కాదు, కండలోంచీ పోతాయి. భుజాలు చప్పబడతాయి, పంప్ (వ్యాయామం చేయగానే కండ ఉబ్బడం) ఎక్కదు, ముఖం పీక్కుపోతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, జిమ్‌లో ఎవరో ఇచ్చిన నీరు లాగే మాత్రలు మింగుతారు. సోడియం, పొటాషియం తారుమారైతే గుండె లయ తప్పుతుంది. 1992లో మొహమ్మద్ బెనజీజా అనే పేరున్న బాడీబిల్డర్ నెదర్లాండ్స్‌లో పోటీ ముగిసిన కొన్ని గంటలకే చనిపోయాడు. నీరు లాగే మందులే కారణమని ఆ రంగంలో అందరూ చెప్పుకుంటారు. ఈ సంగతి ఆ సలహాలిచ్చేవాళ్లు ఎందుకు చెప్పరు?

ఎండాకాలంలో కరీంనగర్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. లైట్ల ముందు నిలబడ్డ కాసేపటికే పిక్క పట్టేసింది, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. షూట్ ఆపేసి ఓఆర్ఎస్ తాగించి కూర్చోబెట్టాం. "ఇంట్లో అప్పు చేసి వచ్చానన్నా, ఫొటోలు బాగా రావాలి" అని ఒకటే టెన్షన్. ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని పెట్టుబడిగా చేసుకునేవాళ్ల మీదే నా కోపం. అదే వారంలో మళ్లీ పిలిచి, కడుపునిండా తినేసి రమ్మన్నాను. బూడిద రంగు రిబ్ (నిలువు గీతల అల్లిక) బనియన్‌లో తీసిన ఫొటోలే అతను ఇప్పుడు అందరికీ పంపిస్తున్నాడు.

ఫొటోలో కండ గీతను చూపించేది నీడ. పక్క నుంచి, కాస్త వెనక్కి జరిపి ఒక్క సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తగా పరిచే, గుడ్డ కప్పిన లైటు) పెట్టి, రెండో వైపు నల్ల రంగు వేసిన థర్మోకోల్ షీటు నిలబెడితే చాలు. అదే మనిషికి ఎదురుగా ఫ్లాష్ కొడితే ఎంత కష్టపడి పెంచిన ఒళ్లయినా పలకలా కనిపిస్తుంది.

చొక్కా విప్పితేనే బాడీ కనబడుతుందన్నది ఇంకో అపోహ. చేతుల్లేని బనియన్ మంచి ఫ్రేమ్. సన్నటి పట్టీ భుజాన్ని వెడల్పుగా చూపిస్తుంది, మెడ ఎముకలు బయటపడతాయి, పొట్ట దగ్గర ఉన్న బెంగను గుడ్డే కప్పేస్తుంది. రిబ్ అల్లికలో నిలువు గీతలు ఛాతీ మీద వంపు తిరుగుతాయి, ఆ వంపే కంటికి ఒంటి ఆకారం చెబుతుంది. తిరుప్పూర్ నుంచి వచ్చే మామూలు బనియన్ చాలు, బ్రాండ్ అక్కర్లేదు. సన్నగా ఉన్నవాళ్లు మాత్రం చంకలు లోతుగా కోసిన స్ట్రింగర్ బనియన్ జోలికి వెళ్లొద్దు, పక్కటెముకలు కనబడి ఇంకా బక్కగా అనిపిస్తారు. మెరిసిపోయే తెలుపు కూడా వద్దు. ఒంటి ఛాయకి సరిపడా కెమెరాలోకి వెలుగు తీసుకుంటే బనియన్ మీద అల్లిక మొత్తం తెల్లగా కరిగిపోతుంది.

నల్లగా ఉంటే ఫొటోలు బాగా రావన్నది ఉత్త మాట. నల్లటి చర్మం మీద వెలుగు అంచు ఎంత అందంగా నిలుస్తుందో మానిటర్‌లో చూపిస్తే వాళ్లే నమ్మరు. నూనె కారేలా పూసుకోనవసరం లేదు, నీళ్లలో కొంచెం గ్లిజరిన్ కలిపి స్ప్రే చేస్తే చాలు. పంప్ కోసం షాట్‌కి ముందు పుషప్స్, రెసిస్టెన్స్ బ్యాండ్ సరిపోతాయి. అది కాసేపటికే దిగిపోతుంది కాబట్టి ఇంటి దగ్గర చేసి రాకండి.

వచ్చేటప్పుడు వదులు చొక్కా వేసుకోండి. బిగుతు బట్టల ఎలాస్టిక్ గీతలు చర్మం మీద చాలాసేపు ఉంటాయి, అవి పోయేదాకా కూర్చోవాల్సి వస్తుంది.