మూడు పెట్టెల ఇనుప సామాను మీద కేసు

చిట్టీ, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో మాన్‌హటన్ కోర్టు మెట్ల మీద దిగిన ఫొటో చూపించి, "ఇందులో జడ్జీలు ఎవరు తాతయ్యా?" అని అడిగారు. ముప్పై ఏళ్లు మున్సిఫ్ కోర్టులో బెంచి క్లర్కుగా చేసినవాణ్ణి, ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఈ ఉత్తరం.

అది న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ కోర్టు. ఫెడరల్ అంటే రాష్ట్రానిది కాదు, దేశానిది. సాక్షుల్ని పిలిచి మొదటి విచారణ జరిపేది ఇక్కడే. ఈ కోర్టు మొదటిసారి కూర్చున్నది 1789 నవంబరు 3న. అమెరికా రాజ్యాంగం వచ్చాక అన్నిటికంటే ముందు కూర్చున్న ఫెడరల్ కోర్టు ఇదే. అప్పుడు జడ్జి ఒక్కరే, జేమ్స్ డ్వేన్. అంతకుముందు ఆ ఊరి మేయరు. మొదటి కేసు పేరు వింటే నవ్వొస్తుంది: యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ మూడు పెట్టెల ఇనుప సామాను! కస్టమ్స్ గొడవ. అలాంటి కేసుల్లో సరుకునే ప్రతివాదిగా చూపిస్తారు. పెట్టెలు వకీలును పెట్టుకున్నాయా అని మాత్రం అడక్కండి.

1814లో న్యూయార్క్‌ను ఉత్తర, దక్షిణ జిల్లాలుగా విడదీశారు. ఇప్పుడు ఈ కోర్టుకు 28 జడ్జి పోస్టులు. ప్రెసిడెంటు పేరు పంపితే సెనేట్, అంటే వాళ్ల పార్లమెంటులో పెద్ద సభ, ఒప్పుకోవాలి. ఆపైన రిటైర్మెంటు వయసంటూ లేదు. మన హైకోర్టు జడ్జీలు 62కే దిగిపోతారు. నాకైతే మన పద్ధతే బాగుంది, మీ నాన్న ఒప్పుకోడు.

1909లో వచ్చిన లెర్నెడ్ హ్యాండ్ పెద్ద పేరున్న జడ్జి. లెర్నెడ్ అంటే పండితుడని అర్థం, కానీ అది బిరుదు కాదు, వాళ్లమ్మ పుట్టింటి పేరు. ఇప్పుడు అమెరికా సుప్రీంకోర్టులో ఉన్న సోనియా సోటోమయోర్ కూడా 1992లో జడ్జిగా ఇక్కడే మొదలుపెట్టారు.

నాకిష్టమైన జడ్జి కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ. నల్లజాతి కుటుంబం. తండ్రి యేల్ యూనివర్సిటీ విద్యార్థుల క్లబ్బుల్లో వంటవాడు. చదివించే స్తోమత లేకపోతే, ఆమె ప్రసంగం విన్న ఒక వ్యాపారి ఫీజులు కట్టాడు. లాయరై సుప్రీంకోర్టులో పది కేసులు వాదించి తొమ్మిది గెలిచింది. 1966లో ప్రెసిడెంటు జాన్సన్ ఈ కోర్టుకు ఆవిడ పేరు పంపితే, మిసిసిపీ సెనేటరు ఒకాయన నెలల తరబడి అడ్డం పడ్డాడు. అయినా ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే.

1975లో ఆవిడ ముందుకు ఒక కేసు వచ్చింది. ఉద్యోగాల్లో ఆడవాళ్లకు అన్యాయం చేస్తోందని ఒక పెద్ద లా ఫర్మ్ (వకీళ్ల కంపెనీ) మీద దావా. మీరూ ఆడమనిషే, ఇలాంటి కేసులే వాదించారు, కాబట్టి తప్పుకోండి అన్నారు ఆ ఫర్మ్ వాళ్లు. దానికి ఆవిడ రాసిందేమిటంటే: ఇక్కడి జడ్జీలందరూ ఒకప్పుడు లాయర్లే, అందరూ ఆడో మగో అయినవాళ్లే, ఆ లెక్కన ఈ కేసు వినడానికి ఒక్కరూ మిగలరు. తప్పుకోలేదు.

మా కోర్టుకు మొదటిసారి ఆడ మున్సిఫ్ వచ్చినప్పుడు వకీళ్లు నాలికకు అలవాటై వారం రోజులు "సార్, సార్" అనే అన్నారు. ఆవిడ ఫైల్లోంచి తలెత్తకుండా "ఊఁ, కానివ్వండి" అనేవారు. పక్కన కూర్చున్న నాకు మాత్రం నవ్వాపుకోలేక చచ్చే చావు.

మీ
తాతయ్య