గడి కూలేది పైకప్పు నుంచే

ముసురు పట్టిందంటే తెలంగాణ పల్లెల్లో పాత గడి, అంటే దొరల కోటలాంటి ఇంటి గోడ కూలిన వార్త వస్తుంది. ‘ఎన్నేండ్ల నాటిదో, కూలక ఏమైతది’ అనేస్తారు. రాయి, డంగుసున్నంతో కట్టిన మందపు గోడ ఒక్క వయసుతోనే కూలదు.

నిజాం పాలనలో శిస్తు వసూలు చేసే దొరలైన దేశ్‌ముఖ్‌లకు గడి ఇల్లు మాత్రమే కాదు. కచేరీ, ధాన్యం కొట్టు, పంచాయితీ, శిక్షలు అన్నీ అక్కడే. 1865లో జిల్లాలు ఏర్పరిచిన జిలాబందీతో శిస్తు వసూలు సర్కారు చేతికి పోయినా, దొరలకు రుసుం అనే భత్యం, భూములు మిగిలాయి. కట్టడంలోనే ఆ పెత్తనం కనబడుతుంది: ఎత్తు ప్రహరీ, మూలలకు బురుజులు, పెద్ద దర్వాజలో వంగి దూరాల్సిన దిడ్డి. లోపల నడుమ ఆకాశం కనిపించే భవంతి, చుట్టూ టేకు స్తంభాలు, వాటి వెనక అర్రలు. రాళ్లు మోసింది ఎక్కువగా వెట్టి మనుషులే. గడి కూలితే ఊళ్లో అందరూ బాధపడరంటే కారణం అదే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమురయ్య ఒరిగాడు. సాయుధ పోరాటంలో దొరలు పట్నాలకు పారిపోయారు, 1948 సైనిక చర్య తర్వాత చాలామంది తిరిగొచ్చారు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల రైతు కూలీలు లేచాక మళ్లీ కదిలారు. ఈసారి చాలా గడులకు తాళాలు పడ్డాయి.

తాళం పడ్డాక మిద్దె ఎక్కి తూములో ఆకులు తీసేవాళ్లుండరు. నీళ్లు నిలిచి సున్నపు గచ్చులోకి దిగుతాయి. దూలం నడుమ గట్టిగానే కనిపిస్తుంది, గోడలో దాగిన కొస మాత్రం తడికి మెత్తబడి చెదలు పడుతుంది. కొస జారితే కప్పు దిగబడుతుంది, కప్పు పట్టు తప్పిన గోడ బయటికి ఒరుగుతుంది. పగుళ్లలో మొలిచిన రావిని పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేలంత లావున్నప్పుడే వేరుతో తీయాలి. ముదిరిన వేరును గుంజితే రాయి కూడా ఊడొస్తుంది.

అన్నిటికంటే చేటు సిమెంటు పూత. సున్నం తడిని పీల్చి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. ఉప్పు పేరుకుని పాత సున్నం పొడిపొడిగా రాలుతుంది. మరమ్మతుకు నానబెట్టిన సున్నం ఒక వంతుకు రెండు మూడు వంతుల ఇసుక కలిపి గానుగలో నూరాలి, పలుచటి పొరలుగా వేసి తడిపి ఉంచాలి. ఈ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలి ఎక్కువ.

కామారెడ్డి జిల్లా దోమకొండ గడి కోటకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. అక్కడ వారసులు ముందుకొచ్చారు. పాలివాళ్ల మధ్య వాటాలు తెగని చోట టేకు దర్వాజలు ముందే అమ్ముడవుతాయి, మిద్దె మీద తూము సంగతి ఎవరికీ పట్టదు.