కొత్త మౌంటింగ్ బిగించే ముందు

విజయవాడ

ప్రియమైన పిల్లలకు,

మొన్న షెడ్డుకు వచ్చినప్పుడు మీరో మాట అడిగారు. "సీలున్న డబ్బా, కొత్త సామాను, దాన్నింకా తిప్పి తిప్పి చూస్తావేంటి తాతయ్యా?" అని. అప్పుడు చేతినిండా పని ఉండి నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు కుదరదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఇంజన్ మౌంటింగ్ అంటే ఏమిటో చెప్తాను. బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్‌ని బాడీకి బోల్టులతో గట్టిగా బిగించేశారనిపిస్తుంది. నిజానికి ఆ రెండింటి మధ్య రబ్బరు ఉంటుంది. రెండు ఇనుప ముక్కల మధ్య రబ్బరును అచ్చులో వేడితో, ఒత్తిడితో అతికించి ఈ మౌంటింగులు చేస్తారు. ఇప్పటి చిన్న కార్లలో సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి. ఇంజన్ బరువు మోయడం, అది పక్కకు తిరగబోతే పట్టి ఆపడం, దాని వణుకు సీటు దాకా రాకుండా చూడడం వీటి పని.

ఆ వణుకు ఎంతో లెక్కేద్దాం. ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఉండి ఇంజన్ మాత్రం ఆడుతున్నప్పుడు, అది నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకోండి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకు రెండు పేలుళ్లు, అంటే నిమిషానికి 1600, సెకనుకు దాదాపు 27. మన మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల బండిలో సెకనుకు 20. తక్కువే కదా అనుకోకండి. వణుకు నిదానమయ్యే కొద్దీ దాన్ని రబ్బరుతో ఆపడం కష్టం. 1931లో అమెరికాలో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారు ఇంజన్‌ని రబ్బరు మౌంటింగుల మీద కూర్చోబెట్టి, 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టి, దాన్నే గొప్పగా చెప్పుకుని కార్లు అమ్ముకున్నారు.

ఇక అసలు విషయం. ఆటోనగర్‌లో ఒకే బండి మౌంటింగ్ ఒరిజినల్ అని ఒక ధర, లోకల్ అని ఇంకో ధర చెప్తారు. ఏది కొన్నా సరే, బిగించేముందు బల్ల మీద పెట్టి చూడాల్సిందే. బల్ల మీద పది నిమిషాల పని. బిగించాక తేడా తెలిస్తే మళ్లీ ఇంజన్ ఎత్తాలి, పూట పోతుంది. పైగా బిగించి మరకలు పడ్డ సామాను షాపువాడు వాపసు తీసుకోడు.

పాతదాన్ని తుడిచి కొత్తదాని పక్కన పెట్టండి. చాలామంది ముందు రెండింటి ఎత్తు పోల్చి, కొత్తది ఎత్తుగా ఉందని కంగారు పడతారు. పాతది ఏళ్ల తరబడి ఇంజన్‌ని మోసి కుంగిపోయింది, ఎత్తు తేడా ఉండక తప్పదు. పోల్చాల్సింది ఇనుప భాగాన్ని: బోల్టు రంధ్రాల మధ్య దూరం, స్టడ్ (మౌంటింగ్‌లోంచి పొడుచుకొచ్చిన, తల లేని బోల్టు) ఏ కోణంలో ఉంది, ఎటువైపు పెట్టాలో చెప్పే చిన్న పిన్ను ఉందా లేదా.

తర్వాత మరలు. 10 మిల్లీమీటర్ల బోల్టుల్లోనే 1.25 మర ఉంటుంది, 1.5 మర ఉంటుంది; ఒక మర గీతకూ పక్క గీతకూ మధ్య దూరం అన్ని మిల్లీమీటర్లన్నమాట. కంటికి రెండూ ఒకటే. పాత నట్టు తీసుకుని కొత్త స్టడ్ మీద వేళ్లతో తిప్పండి. సరైన మరైతే చివరిదాకా జారుకుంటూ పోతుంది. తప్పు మరైతే ఒకటి రెండు చుట్లు హాయిగా వెళ్లి పట్టేస్తుంది. కుర్రాళ్లు సరిగ్గా అక్కడే పానా అందుకుంటారు. పానా వేశారంటే నట్టూ పోయె, స్టడ్డూ పోయె.

అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది రబ్బరు ఇనుముకు అతుక్కున్న గీత. టార్చి వేసి, మౌంటింగ్‌ని అటూ ఇటూ వంచుతూ చుట్టూతా చూడండి. ఆ గీతలో ఎక్కడైనా గోరు దూరిందా, లోపల ఉత్త ఇనుమో తుప్పో కనిపించిందా, ఆ ముక్క పనికిరాదు. రబ్బరు ఎంత మంచిదైనా అతుకు సరిగ్గా లేకపోతే దండగ. అయితే అచ్చులోంచి పొంగి ఇనుము మీద పల్చగా పరుచుకున్న రబ్బరు పొర ఒకటి ఉంటుంది. గోరుతో గీకితే ఊడి వస్తుంది. అది లోపం కాదు. ఈ పొర ఊడిందని మంచి మౌంటింగ్‌ని వెనక్కి పంపినవాళ్లను చూశాను.

లోపంలా కనిపించినా లోపం కానివి ఇంకా ఉన్నాయి. రబ్బరు మధ్యలో చిక్కుడు గింజ ఆకారంలో పెద్ద ఖాళీలు ఉంటాయి. అవి కావాలని వదిలినవే, ఇంజన్ కాస్త కదలడానికి. కొన్నిట్లో బోల్టు దూరే ఇనుప గొట్టం నడిమధ్యన ఉండదు, పైకి జరిగి ఉంటుంది. నవారు మంచం మీద మనిషి కూర్చుంటే కుంగినట్టు, ఇంజన్ బరువు పడగానే అది దిగి మధ్యకు వస్తుంది. అసలు పాతదాంట్లో లేని బుడగ గుంటలు, గరుకు రంధ్రాలు, వంచితే తెరుచుకునే సన్నటి పగుళ్లు ఉంటేనే అనుమానించాలి. పగుళ్లుంటే సరుకు చాన్నాళ్లుగా షాపులో పడుందేమో చూడండి. డబ్బా మీద నెల, సంవత్సరం ఉంటాయి.

బొటనవేలితో నొక్కి "ఇది గట్టి రబ్బరు, ఇది మెత్తది" అని తేల్చేసే మాటను నేను పెద్దగా నమ్మను. దానికి వేరే మీటరు ఉంది. మరీ రాయిలా ఉంటే మాత్రం వేలికే తెలుస్తుంది. అలాంటిది బిగిస్తే ఐడిలింగ్‌లో స్టీరింగ్ గజగజలాడుతుంది.

కొన్ని కార్ల మౌంటింగుల లోపల ద్రవం ఉంటుంది. డబ్బా అట్ట మీద తడి మరక ఉందేమో ముందు చూడండి. తర్వాత మౌంటింగ్‌ని పొడిగా తుడిచి, తెల్ల కాగితం మీద నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం మీద చెమ్మ కనిపిస్తే అది కారుతున్నట్టే.

అల్యూమినియం బ్రాకెట్ ఉంటే బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు వెతకండి. అడుగు చదునుగా ఉండాల్సిన రకమైతే అద్దం పలక మీద పెట్టండి. ఊగితే వంకర.

ఇవన్నీ బాగున్నా ఒక ప్రశ్న మిగులుతుంది: పాతది ఎందుకు పోయింది? వయసు మీద పడి పోతే ఫర్వాలేదు. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, జిగటగా తయారైతే మాత్రం పైనుంచి ఇంజన్ ఆయిల్ కారుతోందని అర్థం. మౌంటింగుల్లో ఎక్కువగా వాడే సహజ రబ్బరుకు ఆయిల్ పడదు. లీకు ఆపకుండా ఎంత ఖరీదైన మౌంటింగ్ వేసినా దాని గతీ అంతే. ఒకటి చిరిగితే దాని బరువు కూడా మిగతావాటి మీదే పడుతుంది కాబట్టి వాటినీ చూడాలి.

బల్ల మీద చూడటం వరకే మీ పని. ఇంజన్‌ని జాకీ మీద నిలిపి మౌంటింగ్ విప్పే చోట మీ చేతులు ఉండకూడదు, నేను పక్కనున్నా సరే. లోపం కనిపిస్తే ఫోటో తీసి, డబ్బా, బిల్లు కలిపి ఉంచండి. షాపువాడితో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య