టైటానియం మీద పింగాణీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో డెంటల్ ల్యాబ్ పని నాది. బొబ్బిలి, రాజాం, శ్రీకాకుళం క్లినిక్‌ల నుంచి వచ్చే పళ్ల అచ్చులకు క్యాపులు తయారుచేస్తాం, అంటే పంటి మీద తొడిగే లోహపు తొడుగు, దాని పైన పంటి రంగు పింగాణీ. టైటానియం క్యాప్ అనగానే పేషెంట్లే కాదు, మా పనివాళ్లు కూడా కొన్ని తప్పుడు మాటలు నమ్ముతుంటారు.

అపోహ: టైటానియం గట్టి లోహం, దాని మీద పింగాణీ ఊడే ప్రశ్నే లేదు.

వాస్తవం: లోహం గట్టిదనం వేరు, పింగాణీ పట్టు వేరు. టైటానియానికి ఆక్సిజన్ అంటే మహా మక్కువ. గాలి తగిలిన మరుక్షణం పైన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. మామూలు వేడిలో ఆ పొర కొన్ని నానోమీటర్ల మందమే, లోహాన్ని గట్టిగా అంటుకుని ఉంటుంది. నోట్లో టైటానియం తుప్పు పట్టకపోయినా, దవడ ఎముక దాన్ని తనలో కలుపుకున్నా ఆ పొర పుణ్యమే. అదే ముక్క ఫర్నేసులో 800 డిగ్రీలు దాటితే పొర దళసరిగా పెరిగి లోహం మీద పట్టు వదిలేస్తుంది. పింగాణీ మాత్రం ఆ పొరను విడిచిపెట్టదు. బూజు పట్టి ఉబ్బిన సున్నం మీద ఖరీదైన పెయింట్ వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. పింగాణీ, ఆక్సైడ్ కలిసి పెచ్చుగా లేచి వచ్చేస్తాయి.

అపోహ: బాగా కాలిస్తే బాగా పట్టుకుంటుంది.

ఇది మా టెక్నీషియన్ల అపోహ, క్యాపులకు మామూలుగా వాడే నికెల్ క్రోమ్ అనే మిశ్రమలోహం మీద చేయి తిరిగినవాళ్లకు మరీ ఎక్కువ. ఆ లోహాన్ని పింగాణీకి ముందు ఒకసారి ఉత్తగా కాల్చి, పైన ఆక్సైడ్ తెప్పించడం అలవాటు. మామూలు పింగాణీ కాలేది 900 పైమాటే. టైటానియం దగ్గర ఈ అలవాటే కొంప ముంచుతుంది. 882 డిగ్రీల దగ్గర దాని లోపలి స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. అందుకే 800 లోపే కరిగే ప్రత్యేకమైన పింగాణీ వాడాలి, ముందు దానికి సరిపడే బాండర్ (లోహానికి, పింగాణీకి మధ్య పట్టు ఇచ్చే పూత) పూసి కాల్చాలి.

పింగాణీ పొడి మార్చాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక డిగ్రీ వేడి పెరిగితే నికెల్ క్రోమ్ పది లక్షల వంతుల్లో సుమారు 14 వంతులు సాగుతుంది, టైటానియం 9 వంతులే. మామూలు పింగాణీ 13 దగ్గర ఉంటుంది. దాన్ని టైటానియం మీద వేస్తే చల్లారేటప్పుడు పింగాణీ ఎక్కువ ముడుచుకుంటుంది, లోహం అంతగా ముడుచుకోదు. పింగాణీ నొక్కుడు తట్టుకుంటుంది కానీ లాగుడు తట్టుకోదు. ఫర్నేసు బయటే చిట్లిపోతే అదృష్టం, పేషెంట్ నోట్లోకి వెళ్లాక చిట్లితే అందరికీ టెన్షన్.

అపోహ: ఇసుక ఎంత కొడితే పట్టు అంత బాగుంటుంది.

సగం నిజం. అల్యూమినా రేణువులను గాలి ఒత్తిడితో లోహం మీద కొట్టడం, అంటే సాండ్ బ్లాస్టింగ్, తప్పనిసరి. పోత పోసిన టైటానియానికైతే మరీనూ, అచ్చుపొడితో కలిసి పైన పెళుసు తోలు కడుతుంది కాబట్టి అది పూర్తిగా పోవాలి. మెషీన్‌లో దిమ్మె నుంచి చెక్కినదానికి ఆ బాధ లేదు. కానీ ప్రెషర్ పెంచి బాదితే రేణువులు మెత్తటి లోహంలో దిగబడిపోతాయి. అరగదీయడం కూడా కొత్త కార్బైడ్ బర్ (తిరిగే చిన్న అరగదీత ముల్లు)తో, తక్కువ వేగంలో, ఒకే దిక్కుకి. వేలికి వేడి తగిలిందంటే ఆపేయాలి.

ఇన్ని జాగ్రత్తలు పడితే లోహం మీద పింగాణీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9693 అడిగే 25 మెగాపాస్కల్స్ పట్టు టైటానియానికీ వస్తుంది. నికెల్ క్రోమ్ మీద వచ్చినంత పట్టు మాత్రం నేను ఆశించను. నికెల్ పడనివాళ్లకు టైటానియం మంచిదే, కానీ ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నిటికీ మేలు అనుకోకండి.

అపోహ: డీఎంఎల్ఎస్ అంటే టైటానియం.

కాదు. అది లోహపు పొడిని లేజర్‌తో పొర మీద పొర అతికించే పద్ధతి పేరు. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం కోబాల్ట్ క్రోమ్ అనే మిశ్రమలోహమే. ఏ లోహమో బిల్లు మీద రాయించుకోండి. అరచేతిలో పెట్టుకున్నా తెలిసిపోతుంది, అదే సైజులో టైటానియం దాదాపు సగం బరువే ఉంటుంది.

అపోహ: కళింగపట్నం, భావనపాడు తీరంలో నల్ల ఇసుకే టైటానియం, మనకి చవగ్గా రావాలి కదా!

ఆ ఇసుకలో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం ఉన్న మాట నిజం. ప్రపంచంలో టైటానియం ఖనిజంలో ఎక్కువ భాగం తెల్ల రంగు తయారీకే పోతుంది. లోహం తీయాలంటే క్లోరిన్‌తో, ఆపైన మెగ్నీషియంతో, గాలి తగలనివ్వకుండా పెద్ద తతంగం చేయాలి. అక్కడా పేచీ ఆక్సిజన్‌తోనే.

అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని) తాగే ఒకావిడ "సుట్ట యేడికి పింగాణీ పేలిపోద్దేటి బాబూ?" అని మా డాక్టరుగారిని అడిగారట. వందల డిగ్రీల్లో కాలి వచ్చిన పింగాణీకి చుట్ట ఒక లెక్క కాదు. అంగిలికి మాత్రం లెక్కే. అక్కడ తెల్లమచ్చ కనిపిస్తే, క్యాప్ సంగతి తర్వాత, ముందు అది చూపించుకోవాలి.

ఎప్పుడైనా క్యాప్ మీద పెచ్చు ఊడితే పారేయకండి, కాగితంలో మడిచి డాక్టరుగారికి ఇవ్వండి. మేం ముందు దాని వెనకవైపు చూస్తాం. బూడిద రంగు పొర అంటుకుని, క్యాప్ మీద లోహం నున్నగా బయటపడితే ఆక్సైడ్ వదిలేసినట్టు, తప్పు ల్యాబ్‌దే, కొత్తది మేమే చేసివ్వాలి. రెండు వైపులా తెల్లగానే ఉంటే పట్టు బాగానే ఉంది, పింగాణీయే విరిగింది. అప్పుడు కొరుకు సరిచూసి, లోహం ఆకారం మార్చి చేయాలి. నోట్లోనే కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం)తో అతికించడం కొన్నాళ్లకు మాత్రమే.