యాక్సిలరేటర్ తొక్కితే మోత: అది దేన్ని బట్టి పెరుగుతోంది?

కారు మోత చేస్తోందని మెకానిక్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపిస్తారు: గుర్రుమంటోంది, టకటకమంటోంది, కీచుమంటోంది. అంతకంటే పనికొచ్చే కబురు ఒకటుంది. ఆ మోత దేన్ని బట్టి మారుతోంది? పెడల్ తొక్కినప్పుడు మూడూ కలిసి పెరుగుతాయి: ఇంజన్ తిరిగే వేగం, చక్రాలు తిరిగే వేగం, ఇంజన్ మీద పడే లోడు. వీటిని విడదీస్తే సగం జబ్బు దొరికినట్టే.

బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్లో ఇంజన్‌ను 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా లేపండి. అప్పుడూ మోత వస్తే చక్రాల జోలికి పోనక్కర్లేదు. రాకపోతే ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కి.మీ. వేగంతో మూడో గేరులో కాసేపు, నాలుగో గేరులో కాసేపు నడపండి. బండి వేగం అదే, ఇంజన్ తిరుగుడు మాత్రం మారింది. అయినా శబ్దం మారలేదంటే అది టైరుదో, వీల్ బేరింగ్‌దో. కుడివైపు వంపు తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి వాలుతుంది. అప్పుడు గుర్రు పెరిగితే మొదట ఎడమవైపు బేరింగ్‌నే అనుమానించాలి.

ఇక మిగిలింది ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు చెలరేగే మోత. లోడుతో పెరిగే ఈ రకంలో ఎక్కువసార్లు దొరికే దొంగ ఎగ్జాస్ట్ లీకు, అంటే ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాల్లో చిల్లు. దీని లెక్క చాలా అందంగా ఉంటుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒక్కసారి పొగ వదులుతుంది. ఐడిల్‌లో 800 ఆర్‌పీఎం అనుకుందాం. ఒక సిలిండర్ నుంచి సెకనుకు సుమారు 7 దెబ్బలు. నాలుగు సిలిండర్లూ కలిస్తే దాదాపు 27. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో (సిలిండర్ల పొగను ఒక్క గొట్టంలోకి చేర్చే భాగం) ఒక్క సిలిండర్ దగ్గర గ్యాస్కెట్ (జాయింట్ మధ్య పెట్టే పట్టీ) పోతే ఆ 7 దెబ్బలు విడివిడిగా టిక్కుటిక్కుమని వినిపిస్తాయి. గొట్టాలన్నీ కలిసిన తర్వాత, ఫ్లెక్స్ పైపు దగ్గరో సైలెన్సర్ దగ్గరో లీకైతే 27 దెబ్బలు కలిసిపోయి బుర్రుమంటాయి. అంటే బానెట్ ఎత్తకముందే లీకు ఎక్కడుందో చెవి ఒక అంచనా ఇచ్చేస్తుంది.

చిక్కు ఒకటుంది. అరిగిన టాపెట్ (వాల్వ్‌ను నెట్టే భాగం) కూడా సెకనుకు అదే 7 సార్లు కొడుతుంది, ఎందుకంటే దాన్ని కదిలించే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది ఇంజన్ వేగంలో సగంతోనే. రెండింటినీ వేరుచేసేది లోడు. ఐడిల్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సమయానికి సిలిండర్ లోపలి పీడనం వాతావరణ పీడనానికి అటూ ఇటూగా ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కితే అది 3 నుంచి 5 రెట్లవుతుంది. పీడనం సుమారు 1.9 రెట్లు దాటిందంటే వాల్వ్ సందులోంచి వాయువు ధ్వని వేగంతో తన్నుకొస్తుంది. ఆ తన్ను మొత్తం చిల్లు దగ్గర వినిపిస్తుంది. టాపెట్ చప్పుడు మాత్రం లోడు పెరిగినా పెద్దగా పెరగదు.

పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో టిక్కుమని, పది నిమిషాలకు తగ్గిపోయే లీకులు కూడా ఉన్నాయి. 40 సెం.మీ. పొడవున్న ఇనుప మానిఫోల్డ్ 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండున్నర మి.మీ. సాగుతుంది. అది బిగించి ఉన్న అల్యూమినియం హెడ్ (సిలిండర్ల పై భాగం) అంత వేడెక్కదు కాబట్టి ఒక మి.మీ. కూడా సాగదు. వేడికి సాగిన లోహం సందును మూసేస్తుంది, చప్పుడు ఆగుతుంది. జబ్బు మాత్రం తగ్గలేదు. రోజూ ఇలా జరుగుతూంటే మానిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే స్టడ్లలో (బోల్టుల్లాంటి కడ్డీలు) రెండు చివరలవి పక్కకు లాగబడి ముందుగా విరుగుతాయి.

లీకు కనిపెట్టడానికి ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్లోయర్ గొట్టాన్ని సైలెన్సర్ మూతికి పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి గాలి పంపండి. జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు లేస్తాయి. అక్కడ నల్లటి మసి చార కూడా ఉండొచ్చు. గ్యాస్కెట్ మార్చేటప్పుడు నట్లకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయాలి. మానిఫోల్డ్ ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) వంపు చూడాలి. వంకర ఉంటే కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు. బిగింపు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే (బిగింపు కొలతకే). గట్టిగా ఉండాలని చివరి నట్లను ఇంకా బిగిస్తే మానిఫోల్డ్ జరగడానికి చోటుండదు, స్టడ్ తెగుతుంది. సిలికాన్ సీలెంట్ పూయొద్దు, అది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తుంది.

మోత పెరిగితే పికప్ కూడా పెరిగిందనే నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. నిజానికి రెండు దెబ్బల మధ్య గొట్టంలో పీడనం బయటి కంటే తగ్గుతుంది, చిల్లులోంచి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్ చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. పైగా లీకయ్యే పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. షట్టర్ వేసిన గ్యారేజీలో ఇంజన్ నడపకండి.

ఒక్క ఆర్‌పీఎం దగ్గరే జర్రుమని, దాటగానే ఆగే శబ్దం ఎక్కువగా హీట్ షీల్డ్‌ది (ఎగ్జాస్ట్ వేడి పక్కవాటికి తగలకుండా అడ్డుపెట్టిన రేకు). తంబురాలో ఒక తీగ మీటితే అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ దానంతటదే మోగినట్టు, వదులైన రేకు తన సహజ పౌనఃపున్యం తగలగానే మోగుతుంది. 2400 ఆర్‌పీఎం దగ్గర మోగితే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఆ దెబ్బ 80 హెర్ట్జ్, మూడు సిలిండర్లదైతే 60. బడిలో అనునాదం చెప్పేటప్పుడు శ్రుతిదండంతో పాటు ఈ రేకును కూడా చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. స్టెయిన్‌లెస్ స్టీల్ హోస్ క్లిప్ చుట్టి బిగిస్తే చాలు.

ఘాట్ రోడ్డులో పై గేరులోనే లాగుతూ తొక్కినప్పుడు గాజుగోళీలు దొర్లినట్టు వినిపిస్తే అది నాకింగ్, అంటే సిలిండర్‌లో ఇంధనం వేళ తప్పి పేలడం. వెంటనే గేరు తగ్గించండి. ఆగకపోతే కూలెంట్, ప్లగ్గులు, నాక్ సెన్సర్ చూపించాలి. 80 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌లో ఆ మోగుడు దాదాపు 7 కిలోహెర్ట్జ్. ఇంజన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ దాన్ని వింటుంది, దాన్ని బట్టి ఈసీయూ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. చాలా రకాల్లో ఆ సెన్సర్ బోల్టు టార్క్ సుమారు 20 న్యూటన్ మీటర్లు. కింద వాషర్ వేసినా, వదులుగా ఉంచినా, అతిగా బిగించినా సరిగా వినలేదు.